ట్యాబు ఇంటికొచ్చింది, చదువు వచ్చిందా?

2025 జూలై 10న శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు ఉన్నత పాఠశాలలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ ఇద్దరూ హాజరయ్యారు.  అదే రోజు రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రులను పిలిచి కూర్చోబెట్టారు. ఇది మంచి పని. చాలా ఊళ్లలో తల్లి బడి గడప తొక్కేది పిల్లను చేర్పించే రోజు, మళ్లీ టీసీ తీసుకునే రోజు. ఇలాంటి సమావేశాల్లో తల్లిదండ్రులు మధ్యాహ్న భోజనం గురించి అడుగుతారు, మరుగుదొడ్ల గురించి అడుగుతారు, బస్సు గురించి అడుగుతారు. అడగాలి కూడా. గోడకు బిగించిన పెద్ద తెర గురించి, పిల్లవాడి చేతికొచ్చిన ట్యాబు గురించి మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. అది మనకు తెలియని విద్య, సార్లు చూసుకుంటారు అని వదిలేస్తారు. ఈ వారం ఆ సంగతే మాట్లాడదలచుకున్నాం. మన సంఘాల్లో ఆదివారం ఆరాధనకు వచ్చే కుటుంబాల పిల్లల్లో ఎంతోమంది చదివేది ఆ బడుల్లోనే కదా.

మొదట జరిగినదేమిటో గుర్తుచేసుకుందాం. 2022 జూన్‌లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి పుట్టినరోజున, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబుల పంపిణీ మొదలైంది. 8వ తరగతి పిల్లలకు, వారి ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబులు. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత. ఈ మధ్యలోనే తరగతి గదుల్లోకి ఐఎఫ్‌పీలు, అంటే వేలితో తాకితే పనిచేసే పెద్ద తెరలు వచ్చాయి. నాడు–నేడు మొదటి విడత ఉన్నత పాఠశాలలకే 30 వేలకు పైగా పెట్టారు. చిన్న బడులకు స్మార్ట్ టీవీలు ఇచ్చారు. డబ్బు పరంగా చూసినా, సంఖ్య పరంగా చూసినా, తెలుగు నేల మీద ప్రభుత్వ బడికి ఇంతటి సరంజామా ఎప్పుడూ రాలేదు. మంచి నల్లబల్ల కూడా లేని గదుల్లో మన తరం చదువుకుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం మాకు ఇష్టం లేదు.

ట్యాబుల్లో ఒక తెలివైన ఏర్పాటు ఉండేది. పాఠాలను ముందే మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చారు. సిగ్నల్ లేకపోయినా, డేటా అయిపోయినా వీడియో నడుస్తుంది. గుట్టల చాటున ఉన్న ఊళ్లకు, తండాలకు ఇది నిజంగా ఉపయోగపడే ఆలోచన. కరోనా కాలంలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేసినప్పుడు కరెంటు ఉన్న ఇల్లు, టీవీ ఉన్న ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆన్‌లైన్ క్లాసు అంటే డేటా ఉన్నవాడిదే చదువు అన్నట్టు నడిచింది. ఆ పాఠం ఎవరో నేర్చుకున్నారనడానికి ఈ మెమరీ కార్డే సాక్ష్యం.

తర్వాత ఏమైంది? 2022లో ఆ సంస్థ విలువను 22 బిలియన్ డాలర్లుగా లెక్కగట్టారు. 2024 జూలై 16న బెంగళూరులోని జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ దానిని దివాలా ప్రక్రియలోకి పంపింది. క్రికెట్ బోర్డుకు బాకీపడిన సుమారు 158 కోట్ల రూపాయల మీద వచ్చిన కేసది. పలక అమ్మిన దుకాణం మూతపడితే పలకకేమీ కాదు, దాని మీద రాసుకోవచ్చు. ట్యాబు సంగతి వేరు. పాఠ్యపుస్తకం మారితే లోపలి పాఠం మార్చేవాడు కావాలి, చెడిపోతే బాగుచేసేవాడు కావాలి, బ్యాటరీ ఉబ్బితే మార్చేవాడు కావాలి. 2022లో ట్యాబు అందుకున్న 8వ తరగతి పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసేశారు. ట్యాబులు వాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి. ఒక ప్రభుత్వం ఇచ్చింది కాబట్టి ఇంకో ప్రభుత్వం పట్టించుకోదు, ఇంకొకరి పేరుతో మరో పథకం వస్తుంది. ఈ తెరల లెక్కలో ఏ పార్టీవారికీ మేము పూర్తి మార్కులు వేయలేం.

ఇదంతా సామాను గురించి. అసలు ప్రశ్న వేరే ఉంది.

ముదిగుబ్బ చుట్టూ ఉన్న నేలను చూడండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే పీఠభూమి. అదీ పడాల్సినప్పుడు పడదు. వేరుశనగ వేస్తారు. ఊడ దిగే వేళ వాన మొహం చాటేస్తే చేను గడ్డికి కూడా పనికిరాదు. అప్పుడు బెంగళూరుకో, కేరళకో బస్సెక్కుతారు. కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోతారు, కొందరు అవ్వాతాతల దగ్గర వదిలిపోతారు. వెంట వెళ్లిన పిల్లకు రెండు మూడు నెలల బడి పోతుంది. ఆ నెలల్లోనే భిన్నాలు చెప్పేసి ఉంటారు. తిరిగొచ్చేసరికి తరగతి దశాంశాల్లో ఉంటుంది. భిన్నం తెలియని పిల్లకు దశాంశం ఏమర్థమవుతుంది? ఆమె నోరు తెరిచి అడగదు. మెల్లగా వెనక బెంచీకి జరుగుతుంది. ఇలా ఒక్కో ఏడాది కొంత జారిపోతూ 8వ తరగతికి వచ్చిన పిల్ల చేతికి 8వ తరగతి పాఠమున్న ట్యాబు ఇచ్చాం. బొమ్మలు బాగున్నాయి, గొంతు స్పష్టంగా ఉంది. పాఠం మాత్రం ఆమె నిలబడిన మెట్టు మీద లేదు. అయిదు మెట్లు పైన ఉంది.

ఇది ఊహ కాదు. ఢిల్లీలో 6 నుంచి 9 తరగతుల పిల్లల మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. 6వ తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. 9వ తరగతికి వచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నర తరగతులైంది. అంటే బడికి వస్తూనే ఉన్నా దూరం పెరుగుతోంది. 2024 అసర్ నివేదిక ప్రకారం దేశంలోని పల్లె ప్రాంతాల ప్రభుత్వ బడుల్లో 5వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠం చదవగలిగినవారు 44.8 శాతం. సగానికి పైగా చదవలేరు. చదవలేని పిల్లవాడికి వీడియో ఒక మేలు చేస్తుంది, వినబడుతుంది కాబట్టి కాసేపు కూర్చోబెడుతుంది. మేము భయపడేది సరిగ్గా అందుకే. పిల్లవాడు తెర వైపు చూస్తున్నాడు కాబట్టి నేర్చుకుంటున్నాడని అందరం అనుకుంటాం.

అదే ఢిల్లీ అధ్యయనంలో కంప్యూటరు పనిచేసింది కూడా. మైండ్‌స్పార్క్ అనే ప్రోగ్రాము వాడిన కేంద్రాలకు నాలుగున్నర నెలలు వెళ్లే అవకాశం దొరికిన పిల్లలు లెక్కల్లో, హిందీలో గట్టిగా మెరుగుపడ్డారు. రోజుకు గంటన్నర. అందులో 45 నిమిషాలు కంప్యూటరు ముందు, 45 నిమిషాలు పది పదిహేను మంది గుంపుగా ఒక మనిషి దగ్గర. ఆ ప్రోగ్రాము పిల్లవాడి తరగతి ఏదని చూడదు. ప్రశ్నలు అడిగి, ఏ మెట్టు మీద ఉన్నాడో కనుక్కుని అక్కడి నుంచి మొదలుపెడుతుంది.

ఇది ఎలా జరుగుతుందో ఒక లెక్కతో చెబుతాం, మన సండే స్కూలు టీచర్లకూ పనికొస్తుంది. 43లోంచి 17 తీసివేయమంటే ఒక పిల్ల 34 అని రాసింది. తప్పని ఎర్ర పెన్నుతో కొట్టేస్తే పని అయిపోతుంది, పిల్లకు ఏమీ తెలియదు. కాస్త ఆగి చూస్తే ఆమె 7లోంచి 3 తీసేసి 4 వేసింది, 4లోంచి 1 తీసేసి 3 వేసింది అని కనబడుతుంది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలి అనే నియమం ఆమె సొంతంగా కట్టుకుంది. పదిని విడగొట్టడం ఆమెకు ఎవరూ చూపించలేదు, లేదా చూపించిన రోజు ఆమె బడిలో లేదు. మరో పిల్లవాడు 36 అని రాశాడు. వాడు పక్కనుంచి పది తెచ్చుకోవడం నేర్చాడు, తెచ్చుకున్న చోట ఒకటి తగ్గించడం మరిచాడు. రెండూ తప్పులే కానీ రెండు వేరే మందులు కావాలి. నలభై మంది నోటు పుస్తకాలు ముందున్న టీచరుకు ప్రతి తప్పు వెనకాల ఉన్న కారణం వెతికే తీరిక ఎక్కడిది? మంచి ప్రోగ్రాము ఆ పని అలసిపోకుండా చేస్తుంది. మన రాష్ట్రంలో కూడా కొన్ని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇలాంటి ట్యాబు ల్యాబులు నడుస్తున్నాయి. పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్ అని పేరు. పంచిన ట్యాబుల మీద జరిగిన చర్చలో వందో వంతు కూడా వీటి మీద జరగలేదు. అక్కడ ఫొటో దిగడానికి పెద్దగా ఏమీ ఉండదు మరి.

పిల్లవాడు నిలబడిన మెట్టు నుంచే మొదలుపెట్టాలన్న ఆలోచన కంప్యూటరుతో పుట్టినది కూడా కాదు. ముదిగుబ్బ నుంచి కదిరి మీదుగా మదనపల్లె వెళ్లండి. దానికి కొద్ది దూరంలో రిషి వ్యాలీ ఉంది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ విద్యాసంస్థకు అనుబంధంగా, చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరు ఉన్న బడుల కోసం 1980ల చివర నుంచి పద్మనాభరావు, రమ దంపతులు ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. కార్డు మీద బొమ్మ గుర్తు ఉంటుంది, గోడ మీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది. పిల్లవాడు తాను ఎక్కడున్నాడో ఆ పటంలో చూసుకుని తన కార్డు తనే తీసుకుంటాడు. పది రోజులు జ్వరమొచ్చి పడుకున్నవాడు తిరిగొచ్చి ఆపిన కార్డు దగ్గరే మొదలుపెడతాడు. వాడి కోసం తరగతి ఆగదు, వాణ్ని వదిలేసి వెళ్లదు. చెన్నై కార్పొరేషన్ బడులు, తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడులు ఈ పద్ధతి నుంచే స్ఫూర్తి తీసుకున్నాయి. వలస పోయి వచ్చే పిల్లలున్న ప్రాంతానికి ఇంతకంటే తగిన ఏర్పాటు మాకు కనబడలేదు. కరెంటు అక్కర్లేదు, చార్జింగ్ అక్కర్లేదు. పక్క జిల్లాలో పుట్టిన దీన్ని మన మండలాల్లోకి తెచ్చుకోవడానికి ఎందుకు ఇంత జాగు అన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న.

కార్డయినా ట్యాబయినా పక్కన మనిషి ఉంటేనే పనిచేస్తున్నాయి. పెరూ దేశం ఎనిమిది లక్షలకు పైగా ల్యాపుటాపులు పిల్లలకు పంచింది. 2012లో ఫలితం కొలిచి చూస్తే లెక్కల్లో, భాషలో తేడా కనబడలేదు. స్వీడన్ 2023లో చిన్న తరగతుల్లో తిరిగి అచ్చు పుస్తకాల వైపు మళ్లి, పుస్తకాలు కొనడానికి డబ్బు కేటాయించింది. వీటిని చూపించి తెరలు దండగ అనేవాళ్లతో మేము ఏకీభవించం. స్వీడన్ పిల్లవాడి ఇంట్లో పుస్తకాల అర ఉంటుంది. మన పిల్లవాడి ఇంట్లో బడి పుస్తకం తప్ప వేరే అచ్చు కాగితం ఉండకపోవచ్చు, బైబిలు ఉన్న ఇళ్లు కొంత నయం. వాళ్ల నిర్ణయాన్ని మనం అరువు తెచ్చుకోలేం.

మరి మన బడిలో మనిషి ఏం చేస్తున్నాడు? 2022 ఆగస్టులో ఉపాధ్యాయులకు ముఖ గుర్తింపు హాజరు యాప్ పెట్టారు. అప్పటికే పిల్లల హాజరుకు, భోజనానికి, మరుగుదొడ్ల ఫొటోలకు అంటూ ఎన్నో ఎక్కించాల్సి వచ్చేది. సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి వరండాలో తిరిగే సారును చూసి నవ్వుకున్నవాళ్లున్నారు. ఆ సారు వదిలొచ్చిన గదిలో ముప్పై మంది కూర్చుని ఉన్నారని గుర్తుంటే నవ్వు రాదు. తర్వాత చాలా యాప్‌లను లీప్ అనే ఒకే యాప్‌లోకి చేర్చారు, కొంత నయమైంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించడం అంతకంటే పెద్ద సంగతి. ఒక బడికి ఒక పెద్ద తెరా, ఒక అదనపు టీచరా అని ఎవరైనా మమ్మల్ని అడిగితే మేము రెండో క్షణం ఆలోచించం. టీచరు వచ్చాక తెర అడుగుతాం.

ఇల్లు కూడా ఇందులో ఉంది. అసర్ 2024 సర్వేలో పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 89 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉంది. అంతకు ముందు వారంలో దానిని చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. ఫోను వాడటం తెలిసిన పిల్లల్లో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 36 శాతం, అమ్మాయిలు 27 శాతం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను పొద్దున నాన్నతో పనికి పోతుంది, రాత్రి తిరిగొస్తే అన్న చేతికి పోతుంది. చెల్లెలికి దొరికేసరికి చార్జింగ్ అయిపోయి ఉంటుంది, లేదా గిన్నెలు తోమే వేళవుతుంది. ఆడపిల్లకు ఫోనెందుకు అని మన సంఘాల్లోనే పెద్దలు అనడం అందరూ వినే మాటే. అబ్బాయి రాత్రి పదకొండు దాకా రీల్స్ చూస్తే మాత్రం పరవాలేదా?

ఇక్కడ సంఘాలు చేయగలిగింది ఉంది. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు మొదలుపెట్టినప్పుడు అందులో ప్రధానమైన పని చదవడం నేర్పడం. వారమంతా పనికి పోయే పిల్లలకు ఖాళీ ఉన్నది ఆదివారమే. రైక్స్ వృత్తిరీత్యా పత్రిక నడిపేవాడు, ఆ మాట రాసుకోవడంలో మాకు కాస్త సంబరం ఉందని ఒప్పుకుంటాం. అనంతపురం ప్రాంతంలో ఆర్‌డీటీ ఎన్నో దళిత వాడల్లో సాయంత్రపు బడులు నడిపింది. ఆ బడుల్లో కూర్చుని మొదటి తరం చదువరులైనవాళ్లు ఇవాళ ఉద్యోగాల్లో ఉన్నారు.

మందిరం వారంలో ఆరు రోజులు చాలా గంటలు ఖాళీగా ఉంటుంది. ఫ్యాన్లు ఉన్నాయి, లైట్లు ఉన్నాయి, కొన్నిచోట్ల పాటల సాహిత్యం చూపించే ప్రొజెక్టరు కూడా ఉంది. ఇంటరో డిగ్రీయో చదివే యువతీ యువకులు ఉన్నారు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా తలుపు తెరవండి. ఏ మతం పిల్లలైనా రావచ్చని ముందే ఊళ్లో చెప్పండి, చెప్పిన మాట మీద నిలబడండి. చదువు పేరుతో పిలిచి ప్రార్థన చేయించారన్న మాట ఒక్కసారి వస్తే రెండో రోజు ఎవరూ రారు, రాకపోవడం న్యాయం కూడా. ఇళ్లలో మూలపడిన ట్యాబులు తెమ్మనండి. పనిచేసేవి చార్జింగ్ పెట్టండి. దీక్ష పోర్టల్‌లో తెలుగు పాఠ్యపుస్తకాల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, ఒక వైఫై ఉన్న చోట దింపి ఉంచితే తర్వాత నెట్ లేకుండా చూడొచ్చు.

కానీ మొదటి వారం ఏ తెరా ముట్టకండి. ఒక్కొక్క పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని 2వ తరగతి తెలుగు వాచకంలోంచి ఒక పేరా చదివించండి. రెండంకెల తీసివేత ఒకటి చేయించండి. తరగతి అడగొద్దు, మార్కులు అడగొద్దు. ఎక్కడ ఆగిందో ఒక నోటు పుస్తకంలో పేరు పక్కన రాసుకోండి. రాష్ట్రం ఇప్పుడు పిల్లల చేతిలో పెడుతున్న పాఠ్యపుస్తకంలో ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు ఉన్న పేజీలు ఉంటాయి. రెండింటిలో ఏ పక్కనా చదవలేని పిల్లలు ఎంతమందో ఆ నోటు పుస్తకం చెబుతుంది. తర్వాతి పేరెంట్ మీటింగుకు వెళ్లేటప్పుడు తల్లి ఆ కాగితాన్ని చేతిలో పెట్టుకుని వెళ్లొచ్చు. మా పాప ఇక్కడ ఆగింది, ఇక్కడి నుంచి చెప్పే పాఠం మీ తెరలో ఉందా సార్ అని అడగొచ్చు. ఉంటే పెట్టమనొచ్చు. లేకపోతే ఎప్పటికి వస్తుందని అడగొచ్చు.

ఇందులో ఒక్క తొందర ఉంది. వేరుశనగ పీకి, కుప్ప వేసి, కాయ అమ్మాక బస్సులు నిండటం మొదలవుతుంది. ఏ ఇంటివాళ్లు పోతున్నారు, ఏ పిల్లలు అవ్వ దగ్గర మిగులుతున్నారు అన్నది బడి రిజిస్టరు కంటే ముందు సంఘ కాపరికి తెలుస్తుంది, ప్రయాణానికి ముందు ప్రార్థన చేయమని వచ్చేది ఆయన దగ్గరికే కాబట్టి. ఆ పేర్లు అప్పుడే రాసుకుని మరుసటి రోజు ఉదయం బడికి వెళ్లి హెడ్మాస్టరుకు ఇవ్వండి.